యాదన్న ఫోన్ పడిన రోజు

మాది ఇబ్రహీంపట్నం. హయత్‌నగర్‌లో ఒక కొరియర్ ఆఫీసులో పనిచేస్తాను. డెలివరీ చేసేవాళ్లకు కంపెనీ ఇచ్చిన ఫోన్లు ఎలా ఉన్నాయో కంప్యూటర్‌లో చూడడం నా పని. ఎవరి ఫోనైనా కింద పడితే వెంటనే తెలుస్తుంది. కాల్ చేసి కారణం అడగాలి.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం యాదన్న ఫోన్ గట్టిగా పడినట్టు చూపించింది. ఆయన మంచాల వైపు పార్సిళ్లు ఇస్తాడు. నన్ను సొంత చెల్లెలిలా చూసేవాడు.

"ఏందన్నా, మళ్ల పడేసినవా?" అన్నాను నవ్వుతూ.

అవతల ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. "అక్కా, ఈ ఫోనాయన్ని లారీ గుద్దింది. మస్తు రక్తం పోతున్నది. జల్ది ఎవర్నన్న తోలుండ్రి!"

అంబులెన్సుకు చెప్పాను. అది చేరేలోపే యాదన్న ప్రాణం పోయింది. నా ముందున్న తెరమీద మాత్రం ఫోన్‌కు ఏమీ కాలేదనే ఉంది.

దినాలయ్యాక ఆయన భార్య ఆఫీసుకు వచ్చి నా చేతులు పట్టుకుంది.

"ఆఖరికి ఆ ఫోన్ల నువ్వే ఉన్నవంట గదా చెల్లె. పిల్లల గురించి ఏమన్న అన్నడా?"

నాకు వినిపించింది ఆ ఆడమనిషి ఏడుపు, బండ్ల చప్పుడు, అంతే. అన్నాడని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. లేదని చెప్పే ధైర్యమూ లేకపోయింది. కాసేపు నా ముఖంలోకి చూసి, ఆమె మెల్లగా చేతులు వదిలేసింది.

ఆమెకు ఏం చెప్పి ఉండాల్సిందో నాకు ఇప్పటికీ తెలియదు.