అంచు మీది నంబరు

నా చిన్నప్పుడు జెండా పండుగ రోజున మా ఊరి హైస్కూలు వాళ్లు మిలటరీలో పనిచేసి వచ్చినవాళ్లను పిలిచి, ముందు వరసలో కుర్చీలు వేసి కూర్చోబెట్టేవారు. వాళ్లందరి చొక్కాల మీదా పతకాలుండేవి. మా తాతయ్య చొక్కా మీద ఏమీ ఉండేది కాదు. ఇస్త్రీ చేయించుకున్న తెల్లచొక్కా వేసుకుని ఆ వరస చివర కూర్చునేవారు.

మాది గోదావరి పాయ ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఊరు. నీళ్లంటే భయం లేని కుర్రాళ్లు కావాలని మిలటరీ వాళ్లు వస్తే మా తాతయ్య, ఆయన చిన్నాన్న కొడుకు, అంటే మా చిన్నతాతయ్య, ఇద్దరూ ఒకే రోజున చేరారట. యుద్ధంలో తాతయ్య పని తుపాకీ పేల్చడం కాదు, పడవలు వరసగా కట్టి నది మీద తేలే వంతెన వేయడం. అవతలి ఒడ్డు నుంచి కాల్పులు జరుగుతుంటే మెడలోతు నీళ్లలో తాళ్లు పట్టుకుని నిలబడ్డామని చెప్పేవారు. చెప్పినప్పుడల్లా వినేవాళ్లలో ఎవరో ఒకరు నవ్వేవారు. పక్కింటి బాబాయికైతే అదొక సరదా.

“మరి పతకాలేవి పెదనాన్నా? గోదాట్లో జారిపోయాయా ఏంటి? చెప్పు, వలేసి తీస్తాను.”

“ముందు నీ వలకి చిల్లులు కుట్టుకోరా,” అని తాతయ్యా నవ్వేసేవారు. ఆ పూట మాత్రం అన్నం సరిగా తినేవారు కాదు.

దగ్గు ముదిరి మనిషి చిక్కిపోయిన ఏడాది, పోయేలోపు తన సర్వీసు రికార్డులో ఆ పతకాలు ఎక్కితే చాలని పట్టుబట్టారు. రాజమండ్రిలో ఒక రిటైరైన సుబేదారు గారు ఇలాంటివాళ్లకు అర్జీలు టైపు చేసి పంపేవారు. తాతయ్య నన్ను వెంటబెట్టుకుని బస్సులో ఆయన దగ్గరకు వెళ్లేవారు. నేను రాసే అంకెలు పొందిగ్గా ఉంటాయని కాగితం మీద ఆయన మిలటరీ నంబరు నాచేతే రాయించేవారు. రాసి రాసి అది నాకు కంఠతా వచ్చేసింది. లెక్కలంటే నాకు ఇష్టం మొదలైంది కూడా ఆ రోజుల్లోనే.

చివరికి జవాబు వచ్చింది. ఆ పతకాలు ఎప్పుడో పోస్టులో పంపామని, అందినట్టు వేలిముద్ర కూడా ఉందని రాశారు. సుబేదారు గారు కళ్లద్దాలు సవరించుకుని రెండు మూడుసార్లు చదివాక, “మీ ఇంట్లో మీ పేరే ఉన్నవాళ్లు ఇంకెవరైనా మిలటరీలో చేశారాండీ?” అని అడిగారు.

మా వైపు తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. మా ముత్తాత తండ్రి పోయిన ఏడాదే ఆయన ఇద్దరు కొడుకులకూ మగపిల్లలు పుట్టారు. తండ్రి పేరు వదులుకోవడానికి అన్నా ఒప్పుకోలేదు, తమ్ముడూ ఒప్పుకోలేదు. ఇద్దరికీ అదే పేరు. ఇంట్లో పెద్దోడు, చిన్నోడు అని పిలుచుకుంటే సరిపోయింది. ఎక్కడో దూరాన రికార్డులు రాసేవాళ్లకు ఇంటిపేరూ, పేరూ, ఊరూ అన్నీ ఒకటే. తాతయ్య పతకాలు చిన్నతాతయ్య పేజీలోకి ఎక్కి, ఆ ఇంటికి చేరాయి.

చిన్నతాతయ్య యుద్ధం నుంచి తిరిగి రాలేదని మా అందరికీ తెలుసు. కానీ ఆయన పోయింది వంతెన దగ్గర కాదని, కాల్పులు మొదలవకముందే శిబిరంలో విషజ్వరంతో అని ఆ రోజు తాతయ్య సుబేదారు గారికి చెబుతుంటే మొదటిసారి విన్నాను. చనిపోయినవాడి మీద గౌరవంతో వాడికీ పతకాలు ఇచ్చారేమో అనుకున్నానండీ, అన్నారు తాతయ్య. ప్రతి పతకం అంచు మీదా నంబరు చెక్కి ఉంటుందని, అది చూసుకొస్తే మిగతా పని సులువేనని, పతకాలు వెనక్కి తీసుకుని రికార్డు సరిచేస్తారని సుబేదారు గారు ధైర్యం చెప్పారు.

మర్నాడు పొద్దున్నే చిన్నమామ్మ ఇంటికి వెళ్లాం. చిన్నమామ్మ అంటే చిన్నతాతయ్య భార్య. నెలల పిల్లని ఒళ్లో పెట్టుకుని ఒంటరిదైన మనిషి, తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మి ఆ పిల్లకు పెళ్లి చేసింది. బావగారి ఎదుట కూర్చోవడం మర్యాద కాదని తలుపు చాటునే నిలబడి మాట్లాడేది. గోడమీద చిన్నతాతయ్య ఫొటో, దాని పక్కన అద్దాల చట్రంలో మూడు పతకాలు. గవర్నమెంటు వాళ్లు ఒకసారి సరిచూసుకోమన్నారని తాతయ్య చెబితే, చట్రం దించి చీర కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది.

“జాగ్రత్తమ్మా. ఆ మనిషివి నాకు మిగిలినవి అవే,” అంది. తలుపు చాటుకు వెళ్లి మళ్లీ తనే, “ఏటిలో మెడలోతున నిలబడి, మీ పక్కనే తాడు పట్టుకుని పోయారని మీరేగా చెప్పారు బావగారూ. ఆ మాట పట్టుకునే పిల్లని పెంచాను,” అంది.

తాతయ్య తలెత్తలేదు. చట్రం వెనక అట్ట విప్పి ఒక పతకం బయటికి తీసి, చత్వారం కళ్లకు ఆనడం లేదని నాకిచ్చారు. వెలుతురుకు పెట్టి తిప్పాను. పేరు ఉంది. పేరు ఇద్దరిదీ. దాని ముందున్న నంబరు మాత్రం నేను అన్ని కాగితాల మీద రాసిందే. ఒక్కొక్క అంకే పైకి చదివాను. చివరి అంకె చదివేసరికి సంతోషం ఆగక, “తాతయ్యా, ఇది...” అన్నాను. ఆయన చెయ్యి నా మణికట్టు మీద పడింది. అంత గట్టిగా ఆయన ఎప్పుడూ పట్టుకోలేదు.

“సరిపోయిందా బావగారూ?”

“సరిపోయిందమ్మా. వాడిదే.”

అట్ట మళ్లీ బిగించి, మేకుకు తగిలించి, వంకరగా ఉందేమోనని దూరం నుంచి చూసుకుని మరీ బయటికి వచ్చారు.

కాలవ గట్టు మీద నడుస్తూ నేను ఏడ్చేశాను. నేను సరిగ్గానే చదివానని, అబద్ధం ఎందుకాడారని గొడవ చేశాను. ఆయన దగ్గుతూ ఆగి, గట్టు మీద కూర్చున్నారు. “నువ్వు తప్పు చదవలేదే. నంబరు నాదే,” అన్నారు. “నేను ఇంటికొచ్చాను కదే. వాడు రాలేదుగా.”

ఆ వారంలోనే అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని సుబేదారు గారికి చెప్పి వచ్చారు. ఆ తరవాత జెండా పండుగకు వెళ్లలేదు. వంతెన కథ చెప్పడం కూడా మానేశారు. తను చెప్పే ప్రతి కథలో అక్కడ లేని తమ్ముణ్ణి పక్కన నిలబెట్టాలి కాబట్టి మానేశారని నాకు పెద్దయ్యాక అర్థమైంది. పక్కింటి బాబాయి కొన్నాళ్లు కవ్వించి, జవాబు రాక విసుగెత్తి ఊరుకున్నాడు. అదంతా కోతలేనని ఊళ్లో స్థిరపడిపోయింది.

వానాకాలంలో తాతయ్య పోయారు. పాడె లేపే ముందు చిన్నమామ్మ వచ్చి, మొదటిసారి ఆయన ఎదురుగా కూర్చుని ఏడ్చింది. “మా ఆయనకి మూడొచ్చాయి. పాపం బావగారికి ఒక్కటీ రాలేదు. ఆ దిగులుతోనే పోయారు,” అని పక్కవాళ్లకు చెప్పింది. నిజంగా జాలిపడే చెప్పింది. అందరూ తలలూపారు. నేను ఆయన కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను. నోట్లో ఆ నంబరు ఉంది. మింగేశాను.

ఇప్పుడు చిన్నమామ్మా లేదు. పతకాలు ఆమె మనవడి ఇంట్లో ఉన్నాయి. నేను చదివింది తక్కువే అయినా సొంతంగా నేర్చుకున్న లెక్కలతో రొయ్యల చెరువుల వాళ్లకు పద్దులు చూసి బతుకుతున్నాను. ఎక్కడైనా తేడా కనిపిస్తే అది తేలేదాకా నాకు అన్నం సయించదు. తేలాక మాత్రం వెంటనే నోరు తెరవను. మణికట్టు మీద ఒక చెయ్యి బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. ఇది ఎవరికి తగులుతుంది, వాళ్లకు వేరే ఏం మిగులుతుంది అని చూసుకునేదాకా అది వదలదు. తాతయ్య చేసింది ఒప్పేనా అని ఇన్నేళ్లలో ఎన్నోసార్లు లెక్క వేసి చూశాను. చిన్నమామ్మ వైపు నుంచి వేస్తే ఒప్పే. ఆ పాడె పక్కన నిలబడి వేస్తే కాదు. రెండూ కలిపి ఒక్కసారీ తేల్చలేకపోయాను.