చెరకు మోడు చూడడానికి చైనా వెళ్లాను

కరోనా రావడానికి ఏడాది ముందు, దసరా వెళ్లిన వారంలో, చోడవరం దగ్గర నేను పనిచేస్తున్న చక్కెర మిల్లు యాజమాన్యం నన్ను చైనా పంపాలని నిర్ణయించింది. అప్పటికి నేను చీఫ్ కేన్ ఆఫీసర్ని. ఈ హోదా పాఠకులకి కొత్త కావచ్చు. మిల్లు లోపల యంత్రాలు నడిపేది చీఫ్ ఇంజనీరు, పంచదార వండించేది చీఫ్ కెమిస్టు. గేటు బయట ఉన్న చెరకంతా, నాటిన దగ్గర్నుంచి బండి కాటా ఎక్కే వరకు, కేన్ ఆఫీసరు పూచీ. ఏ రైతు ఎప్పుడు నరకాలో చెప్పే కటింగ్ ఆర్డర్లు మా డిపార్టుమెంటు నుంచే వెళతాయి. అందుచేత రైతులు దణ్ణం పెట్టేదీ మాకే, తిట్టేదీ మమ్మల్నే.

ఆ రోజుల్లో మా ప్రాంతంలో చెరకు నరికే జట్లు దొరకడం మానేశాయి. కుర్రవాళ్లు విశాఖపట్నంలో కంపెనీ పనులకి అలవాటు పడ్డారు. నరకాల్సిన చెరకు చేలో ఎండిపోతుంటే మిల్లు ఆకలితో తిరిగేది. దక్షిణ చైనాలో గ్వాంగ్జీ అనే రాష్ట్రం ఉంది, అక్కడా మనలాగే చిన్న కమతాల్లో చెరకు పండిస్తారు, చిన్న కోత యంత్రాలు తయారు చేస్తారు అని తెలిసి, మా ఎం.డి. గారు వాటి మీద మనసు పడ్డారు. ధరా షరతులూ చూడడానికి పర్చేజ్ మేనేజర్ మూర్తి గారు, చేలో పనితనం చూడడానికి నేను. అప్పటికే వీడియోలు చూసి యాజమాన్యం సగం కొనేసినంత పని చేసింది. నేను ఊఁ అంటే ఆర్డరు వెళ్లిపోతుంది.

బుచ్చయ్యపేటలో రైతుల మీటింగు పెట్టి ఈ సంగతి చెప్పాను. అందరూ సంతోషించారు. సింహాచలం అనే రైతు మాత్రం లేచి నిలబడ్డాడు. ఆయనకున్నది గెడ్డ, అంటే వాగు, పక్కన చిన్న పల్లం చేను, అదీ ఏడాదిలో సగం రోజులు తడిగా ఉండే నేల.

"మిసను తెత్తే తెండి బాబూ, కాదన్ను. మోడు సీలిపోతే కార్శి ఏటొస్తాది? మొక్క తోట మీద మాకు మిగిలేదేటి నేదు. కార్శి మీదే బతుకుతన్నాం," అన్నాడు.

చెరకు ఒకసారి నాటితే మొదటి పంట మొక్క తోట. దాన్ని నరికాక నేలలో మిగిలిన మోడు నుంచి మళ్లీ పిలకలు వచ్చి పెరిగేది కార్శి. దానికి విత్తనం, నాటుడు ఖర్చు ఉండవు గనుక రైతుకి నాలుగు మెతుకులు మిగిలేది అందులోనే. మోడుని నేలకి సమంగా, నున్నగా నరకాలి. చీలినా, వేళ్లతో పెకలించుకు వచ్చినా ఆ చేను మళ్లీ లేవదు. సింహాచలం అడిగినదానికి చూసి వచ్చి చెబుతానని మాట ఇచ్చాను. ఆ మాటకోసమే చైనా వెళ్లానని చెప్పినా అబద్ధం కాదు.

వీసా వచ్చేలోగా ఆ దేశం గురించి తెలుసుకోవాలనిపించింది. మూర్తి గారు నవ్వి, మనం కొనేవాళ్లం, తెలుసుకోవాల్సింది వాళ్లు అన్నారు. నాకు ఆ లెక్క నచ్చలేదు. ముప్పై ఏళ్లు పరాయి చేలల్లో తిరిగి బతికినవాణ్ణి. ఎవరి గట్టు ఎక్కినా ముందు ఆ ఇంటి మర్యాద తెలుసుకోవడం నా ఉద్యోగంలో భాగం.

మా దగ్గర ఫీల్డ్‌మన్‌గా చేసిన అప్పారావు కూతురు లావణ్య చైనాలో డాక్టరు చదువు చదివి వచ్చి చోడవరం మెయిన్ రోడ్డులో ప్రాక్టీసు పెట్టింది. సాయంత్రం ఓ.పీ. అయ్యాక నేను వెళ్లి పేషెంట్ల బెంచీ మీద కూర్చునేవాణ్ణి. లోపల్నుంచి "రండి అంకుల్, ఇయాళ పాఠం ఏటి?" అని పిలిచేది. టీ పోసినవారికి కృతజ్ఞతగా బల్ల మీద రెండు వేళ్లతో మెల్లగా తట్టడం, కార్డు గానీ కప్పు గానీ రెండు చేతులతో ఇవ్వడం, పెద్దవాడి గ్లాసు కంటే మన గ్లాసు కాస్త కిందికి పట్టడం నేర్పింది. వాళ్లు అన్నం తినే పుల్లలతో వేరుశనగ గింజలు ఏరించింది. గింజలు సగం టేబుల్ కిందికి పోయేవి, కాంపౌండరు ఏరలేక విసుక్కునేవాడు. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవాళ్లకి పెట్టే అన్నం అలా ఉంటుంది అని చెప్పింది. ఆ ఒక్క పాఠం నాకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది.

ఇవన్నీ పైపై మర్యాదలు. అసలు పాఠం ఆమె తన అనుభవంలోంచి చెప్పింది. మొదటి ఏడాది క్లాసులో ప్రొఫెసరు బోర్డు మీద వేసిన బొమ్మలో తప్పుంటే ఈ అమ్మాయి లేచి చెప్పిందట. ఆయన నవ్వి థాంక్స్ చెప్పాడు. ఆ తర్వాత ఆ సెమిస్టరంతా ఆమె వైపు చూడలేదు. తప్పు చూపినందుకు కాదట, అందరి ముందూ చూపినందుకు.

"అక్కడ కాదని ఎవరూ సెప్పరంకుల్. పరిశీలిస్తాం అన్నారంటే అయిపోనాది, ఇంక అడక్కండి. వాళ్లకి తల దించుకునే పని పెట్టకండి, అంతే," అంది.

నాకు వెంటనే అర్థమైంది. మన దగ్గర రైతుని ఈ ఏడు ఇంకో ఎకరం చెరకు వెయ్యమని అడిగితే, మొహం మీద వెయ్యనని చెప్పడు. సూద్దాం బాబూ అంటాడు. ఆ మాట పట్టుకుని పుస్తకంలో ఎకరం రాసుకున్న కొత్త కేన్ ఆఫీసర్లని నేను చాలామందిని చూశాను. గ్వాంగ్జీ పాఠం నాకు బుచ్చయ్యపేట మండలంలో ముందే సగం అయింది.

డిసెంబరులో వెళ్లాం. అక్కడా క్రషింగ్ సీజనే. చలి మాత్రం మన మన్యం చలిలాగా ఎముకల్లోకి వెళ్లింది. యంత్రాల కంపెనీ తరఫున మేనేజరు, ఒక దుబాసీ అమ్మాయి, వెయ్ అనే సీనియర్ ఇంజనీరు మమ్మల్ని చూసుకున్నారు. వెయ్ గారు దాదాపు నా వయసువారు. యంత్రం డిజైను ఆయనదే. మొదటి రోజు భోజనాల దగ్గర నా కప్పులో ఆయన టీ పోస్తే వేళ్లతో బల్ల తట్టాను. ఆయన ఆగి నా చేతి వంక చూసి, దుబాసీని ఏదో అడిగారు. ఈయనకి ఎవరు నేర్పారు అని అడుగుతున్నారంది. మా ఊరి డాక్టరమ్మ అన్నాను. ఆ భోజనం చివరి దాకా ఆయన నాకే వడ్డించారు. నేను ఇచ్చిన మాడుగుల హల్వాని వాళ్లు విప్పకుండా పక్కన పెట్టినందుకు మూర్తి గారు చిన్నబుచ్చుకున్నారు. ఇచ్చినవారి ముందు కానుక విప్పకపోవడం అక్కడి మర్యాద అని ఆయనకి చెప్పాను.

మర్నాడు డెమాన్‌స్ట్రేషన్. చదునైన మెట్ట చేను, నిటారుగా నిలబడ్డ చెరకు. యంత్రం గోరుతో గీసినట్టు నరుక్కుపోయింది. మూర్తి గారు వీడియో తీశారు. నేను వంగి మోడులు చూశాను, నున్నగా ఉన్నాయి. మంచి యంత్రమే. మా దగ్గర తుపాను వచ్చాక చెరకు పడిపోతుంది, నేల తడిగా ఉంటుంది, అటువంటి చేలో ఒకసారి చూపించగలరా అని మేనేజరుని అడిగాను. ఆయన నవ్వుతూ, పరిశీలిస్తాం అన్నారు. మూర్తి గారు దాన్ని రేపటి ప్రోగ్రాంలో రాసుకున్నారు. అది కాదన్నట్టే అని నేను చెబితే, నవ్వుతూ చెప్పాడు కదండీ అన్నారు.

రేపు వచ్చింది. మ్యూజియం చూపించారు, యంత్రాల షెడ్డు చూపించారు, పడిన చెరకు చూపించలేదు.

అప్పుడు నాకు దిగులు పట్టింది. గట్టిగా అడిగితే తలుపు మూసుకుంటుంది. అడక్కుండా వచ్చేస్తే సింహాచలానికి ఏం చెప్పాలి? మధ్యాహ్నం భోజనంలో వెయ్ గారి పక్కన కూర్చున్నప్పుడు ఒక ఆలోచన వచ్చింది. తల దించుకునే పని వాళ్లకి పెట్టకూడదు, నిజమే. నేను దించుకోవడానికి అడ్డేముంది?

ఫోనులో మా చేల ఫొటోలు తీసి చూపించాను. తుపాను తర్వాత చుట్టుచుట్టుకుని నేల మీద పడుకున్న చెరకు, మధ్యలో గొడుగుతో నేను. ఇదంతా నా పూచీలో ఉన్న చెరకు, నిలబెట్టుకోలేకపోయాం అని చెప్పాను. తర్వాతి ఫొటోలో ఒక చేను. మేము స్థానికంగా చేయించిన కోత యంత్రం ఒకటి పెట్టి పాడుచేసుకున్న కార్శి అది, సగం చచ్చిపోయింది. ఈ తప్పు మేము చేశాం, మీ దగ్గర పెద్దవాళ్లు పడిన చెరకుతో ఎలా వేగుతారో నేర్చుకోవాలని ఉంది అన్నాను.

వెయ్ గారు ఫోను రెండు చేతులతో అందుకున్నారు. చాలాసేపు చూశారు. ఇంకో ఫొటోలో చెరకు దుబ్బుల ఆకులు మెలితిప్పి ఒకదానికొకటి కట్టి ఉండడం చూసి ఇదేమిటని అడిగారు. మా దగ్గర దాన్ని జడచుట్టు అంటారు, చెరకు పడకుండా మనిషెత్తు పెరిగాక చుడతాం అని చెప్పి, హోటలు పెరట్లో ఉన్న గడ్డి దుబ్బు మీద చుట్టి చూపించాను. ఆయన కోటు విప్పి తానూ చుట్టారు. మొదటిసారి విడిపోయింది, రెండోసారి నిలిచింది. అప్పుడు దుబాసీతో తక్కువ గొంతుకతో ఏదో చెప్పారు. రేపు పొద్దున్న తన తమ్ముడి ఊరికి వెళుతున్నారట, కంపెనీ ప్రోగ్రాం కాదట, రావాలనుంటే నన్ను రమ్మన్నారట.

ఆ ఊళ్లో రెండు కొండల మధ్య పల్లం చేను. చెరకు పడి ఉంది, కాలు వేస్తే బూటు దిగబడుతోంది. అచ్చం మన నేలే. తమ్ముడి దగ్గరున్న అదే రకం యంత్రాన్ని వెయ్ గారు చేలోకి దింపారు. కొంతదూరం వెళ్లి ఆకు చుట్టుకుని ఆగిపోయింది. వెయ్ గారే దిగి శుభ్రం చేశారు. మళ్లీ కదిలింది, మళ్లీ ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే మోడులు చీలి ఉన్నాయి. కొన్ని వేళ్లతో సహా బయటికి వచ్చి పడ్డాయి.

నా చెయ్యి జేబులోని ఫోను మీదికి వెళ్లింది. రిపోర్టుకి ఫొటో కావాలి. యాజమాన్యం మాట వినేది ఫొటో ఉంటేనే. కానీ ఆయన చీలిన మోడుల దగ్గర చేతులు కిందికి వదిలేసి నిలబడి ఉన్నారు. ఆ మనిషిని ఆ స్థితిలో ఫొటో తియ్యడం నాకు చేతకాలేదు. ఫోను బయటికి తియ్యలేదు. కాసేపటికి, ఎందుకు తియ్యలేదని ఆయనే అడిగారు. కళ్లతో చూశాను, చాలు అన్నాను. ఆయన చేతి తొడుగులు తీసి గట్టు మీద చతికిలబడి, యంత్రం ఏ నేలలో పనికొస్తుందో, ఏ తడిలో పనికిరాదో, కింద కత్తులు ఎప్పుడు మార్చాలో, దుబాసీ అందుకోలేనంత వేగంగా చెప్పడం మొదలెట్టారు.

తిరిగి వచ్చాక నా రిపోర్టు క్లుప్తం. రోలుగుంట వైపు మెట్ట నేలలకి ఈ యంత్రం మంచిది. పల్లం చేలకి పనికిరాదు. ముందు ఒకటి తెచ్చి చూసి, తర్వాత మిగిలినవి. ఎం.డి. గారు రుజువు ఏదని అడిగారు. మూర్తి గారి వీడియో అందరికీ బాగా నచ్చింది మరి. రుజువు నా మాటే అన్నాను. నేను చెప్పినది తప్పయితే ఆ సీజను నష్టానికి నా పేరు రాసుకోమన్నాను. ఆయన ఒక్క యంత్రానికే ఆర్డరు వేశారు.

మరుసటి సీజనులో, నా రిటైర్‌మెంటుకి కొద్ది నెలల ముందు, యంత్రం వచ్చింది. బిగించి చూపించడానికి వెయ్ గారే వచ్చారు. రోలుగుంటలో బాగా నడిచింది. తర్వాత బుచ్చయ్యపేటలో రైతుల మీటింగు. మూర్తి గారు, ఎం.డి. గారు, వెయ్ గారు వేదిక మీద ఉన్నారు, దుబాసీగా లావణ్య. నేను భయపడినట్టే సింహాచలం లేచాడు. "మా పల్లం సేన్లకి ఇది పనికొస్తాదా, రాదా? ఒక్క మాట సెప్పండి," అన్నాడు.

అతిథిని పదిమందిలో చిన్నబుచ్చకుండా, రైతుకి అబద్ధం చెప్పకుండా ఎలా జవాబివ్వాలా అని ఆలోచిస్తూ నేను మైకు అందుకున్నాను. లావణ్య ఈలోగా ప్రశ్న అనువాదం చేసేసింది. వెయ్ గారు నా చేతిలోంచి మైకు తీసుకున్నారు. లేచి నిలబడి, తమ కంపెనీ దగ్గర యంత్రం కొన్న మా యజమాని ముందు, తడి నేలలో ఇది మోడుని చీలుస్తుంది, పెట్టవద్దు అని చెప్పారు. తాను తన తమ్ముడి చేలో పెట్టి పాడుచేశానని కూడా చెప్పారు. లావణ్య ఒక్క మాట తగ్గించకుండా తెలుగులో చెప్పింది.

"అమ్మడానికొచ్చినోడు ఇలా సెప్పగా నానెప్పుడూ ఇన్లేదు," అని సింహాచలం కూర్చున్నాడు.

ఆ ఏడు పల్లం చేలన్నీ చేత్తోనే నరికించాం. జట్ల కోసం నేనే తిరిగాను. కార్శి వచ్చింది.

పరాయి దేశం వెళ్లేముందు వాళ్ల మర్యాదలు చదువుకోమని నేను ఇప్పటికీ కుర్ర ఆఫీసర్లకి చెబుతాను. ఆ చదువు వల్ల వాళ్లని నొప్పించకుండా ఉండగలం, అంతవరకే దాని పని. వాళ్లు కాదని చెప్పరు అని నాకు నేర్పినదంతా నిజమే. నొప్పించని మనిషి ఎదురైతే ఆ కాదు అనే మాటని వాళ్లే లేచి మైకులో చెబుతారని మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు, బుచ్చయ్యపేటలో చూశాను.