పైన ఒకటైతే కింద రెండు

మా ఆయన ముప్ఫై ఏళ్ళు దారిన పోయేవాళ్ళందరికీ పక్కలు వేశాడు. నవ్వకండి, అదే ఆయన ఉద్యోగం. కొండ మీద గుడారాల్లో ఒక రాత్రి గడపాలని సరదాపడి వచ్చేవాళ్ళకి చలి తగలకుండా పడకలు సిద్ధం చేసేవాడు. క్యాంపులో అందరూ 'పరుపుల మాస్టారు' అని పిలిచేవాళ్ళు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఏమిటో నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. ముందు నేల మీద అరచెయ్యి ఆనించి తడి చూసేవాడు. ఆ తరవాత ప్లాస్టిక్ పట్టా, దాని మీద రెండు పరుపులు, ఆ పైన స్లీపింగ్ బ్యాగు. బ్యాగుని దులిపి దులిపి, అది బాగా పొంగేదాకా వదిలేవాడు కాదు. వేడినీళ్ళ సంచికి మూత బిగించి, తలకిందులు చేసి తన చేతి మీదే పెట్టుకుని చూసేవాడు. ఆ కాలిన మచ్చలు ఇప్పటికీ మోచేతి దాకా ఉన్నాయి. వచ్చినవాళ్ళకి పాఠం కూడా చెప్పేవాడు: "చెమట పట్టిన మేజోళ్ళు విప్పేసి పొడివి వేసుకోండి. బ్యాగులో తల దూర్చి ఊపిరి వదలకండి, లోపలంతా చెమ్మ అయిపోతుంది. చలి పైనుంచి రాదండీ, కిందనుంచి వస్తుంది. మన బరువుకి కిందున్నది అణిగిపోతుంది. పైన ఒకటి కప్పుకుంటే కింద రెండు ఉండాలి."

ఈ పాఠం నేను అన్నం తింటూ విన్నాను, బట్టలు ఆరేస్తూ విన్నాను, ఆఖరికి పురిటి మంచం మీద కూడా విన్నాను. మరి మా ఇంట్లో సంగతా? సిమెంటు గచ్చు, దాని మీద ఒక చాప, చాప మీద నేను. పొద్దున్నే మోకాళ్ళు లేవనిచ్చేవి కావు. క్యాంపు పరుపు ఇంటికి మోసుకొచ్చే మనిషి కాడు ఆయన. కొనిపెట్టే జీతమూ కాదు.

"నా కింద రెండూ ఏవండీ?" అని ఎత్తిపొడిచేదాన్ని.

"ఉండవే, సీజను ఆఖర్లో నిన్ను తీసుకెళ్తాగా. నా చేతులతో పక్క వేస్తా. ఆ ఒక్క రాత్రి జన్మలో మర్చిపోవు," అనేవాడు.

సీజను ఆఖరి వారం పనివాళ్ళ ఇంటివాళ్ళని ఒక రాత్రికి రానిచ్చేవాళ్ళు. ఒక ఏడు పిల్లకి జ్వరం. ఇంకో ఏడు మా అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఏదో ఒకటి. ఇలా ఇరవై రెండేళ్ళు. దానికోసం నేను ఎదురుచూశానంటే మీకు వింతగా ఉంటుంది. చూశాను. నగలడిగానా, చీరలడిగానా? ఊళ్ళోవాళ్ళందరికీ దొరికిన ఆ వెచ్చటి పక్క నాకూ ఒక్కసారి కావాలనిపించింది, అంతే.

ఇరవై మూడో ఏడు వెళ్ళాను. పన్నెండు గుడారాలు, ఇరవై నాలుగు పరుపులు, ఒక్కటి కూడా ఎక్కువ లేదు. చివరి గుడారం నాది. సాయంత్రం నన్ను లోపలికి పిలిచి, "చెయ్యి పెట్టి చూడు," అన్నాడు. పెట్టాను. చెయ్యి మెత్తగా దిగిపోయింది. ఆయన మొహం చూడాలి అప్పుడు! మా పెళ్ళిలో కూడా అంత వెలగలేదు.

భోజనాలయ్యాక ఊరికే కూర్చోలేక వంటామెతో కలిసి గిన్నెలు తోమాను. చన్నీళ్ళకి వేళ్ళు కొయ్యబారిపోయాయి. పర్లేదులే, పక్క ఉందిగా అనుకున్నాను.

వెళ్ళి బ్యాగులో దూరాను. కాళ్ళ దగ్గర వేడినీళ్ళ సంచి, పైన అదనంగా ఇంకో మందపాటి దుప్పటి. బ్యాగు బాగా పొంగి ఉందేమో, మొదట తేడా తెలియలేదు, కాసేపు బాగానే ఉంది. తరవాత నడుం కిందనుంచి మొదలైంది. తుంటి, భుజం, వీపు. బ్యాగు జిప్పు తీసి కింద తడిమి చూశాను. పట్టా ఉంది, పట్టా కింద నేల ఉంది. పరుపులు రెండూ లేవు.

ఆయనేమో వంట గుడారంలో నలుగురు మగాళ్ళ మధ్య పడుకున్నాడు. వెళ్ళి ఎలా లేపను? మోకాళ్ళు కడుపులో పెట్టుకుని తెల్లారేదాకా పళ్ళు కొరుక్కున్నాను. ఏడుపొచ్చింది. చలికి కాదు.

పొద్దున పొయ్యి దగ్గర, డబ్బు కట్టి వచ్చిన ఒక పళ్ళ డాక్టరు గొంతు ఖంగుమంది. "మాస్టారూ! నాకు నడుంనొప్పి అన్నానని ఇంకో రెండు పరుపులు తెచ్చి వేశావు చూడు, ఒకటే ఉక్కపోత! రెండూ లాగి చెప్పుల పక్కన పడేశా." అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు.

తరవాత నా దగ్గరకి టీ తెచ్చాడు. "నిద్ర ఎలా పట్టింది?"

"హాయిగా పట్టింది," అన్నాను. పదిమందిలో ఆయన పరువెందుకు తియ్యాలి? తరవాత తొమ్మిదేళ్ళు ఆ మాట ఎత్తలేదు. చీకట్లో, హడావిడిలో ఎవరి గుడారమో చూసుకోలేదేమో పాపం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది నమ్మే ఇన్నాళ్ళూ కాపురం చేశాను.

పోయిన వారం మా మరిది పిల్లల్ని తీసుకుని కొండకి వెళ్తూ సలహా కోసం వచ్చాడు. రిటైరైన మనిషికి అంతకన్నా పండగేముంది? నేల తడి దగ్గర్నుంచి మేజోళ్ళ దాకా గంటసేపు వాయించాడు. చివర్లో, "కావాలంటే మీ వదినని అడగరా. నేను వేసిన పక్క మీద పడుకుంది ఒకసారి," అన్నాడు.

"ఏం వదినా, నిజంగా అంత వెచ్చగా ఉంటుందా?"

"నాకేం తెలుసయ్యా? నా కింద ఉన్న రెండూ మీ అన్నయ్య పళ్ళ డాక్టరుకి వేశాడు. నేను నేల మీద పడుకున్నాను."

మరిది హాస్యమనుకుని నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. తెల్లబోతాడనుకున్నాను, "అయ్యో, నీ గుడారమా!" అంటాడనుకున్నాను. టీ గ్లాసు కింద పెట్టి, చేతి మీద మచ్చలు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"ఆ డాక్టరైతే గొడవ చేస్తాడే. నువ్వు మనదానివి, సర్దుకుంటావనుకున్నా," అన్నాడు. మళ్ళీ ఆయనే, "అందుకేగా పైన ఇంకోటి కప్పాను," అన్నాడు.

ఆ రాత్రి ఆయనకి పక్క నేనే వేశాను. గచ్చు మీద చాప పరిచి, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తెచ్చాను. అన్నీ పైనే కప్పాను.