అరచేతంత అద్దం చాలన్నాడు గాజు తాత

నాచారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో ట్రైనీ కెమిస్టుగా చేస్తున్న ఆ రోజుల్లో, నేను ఒకచోట కుదురుగా కూర్చుంటే మా అక్క జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. అలాంటి నేను ఉప్పల్‌లో మూతబడిన ఒక స్టూడియోలో, గాజు పలక మీద తీసిన పాత ఫోటో చూసి మనసు పారేసుకున్నాను. గాజు మీద చిక్కటి మందు పోసి, సిల్వర్ నైట్రేట్ అనే వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి కడిగెయ్యాలట. పది నిమిషాల్లో అయిపోయే పని! (నా కోసమే కనిపెట్టారనుకున్నాను.)

స్టూడియో యజమానిని అందరూ గాజు తాత అనేవారు. నా ఉత్సాహం చూసి ఆయన చిన్న చెక్క కెమెరా, అరచేతంత అద్దం, ఒక తొట్టి, రబ్బరు గ్లౌజులు బల్ల మీద పెట్టాడు. “ముందుగాల గిది సాలు బిడ్డా. సెయ్యి తిరిగినంక పెద్దది సూద్దువు.” నా కళ్లు మాత్రం మూలన బీరువాలా నిలబడ్డ పెద్ద కెమెరా మీదే ఉన్నాయి. “గదియ్యి తాతా!” “దాని అద్దం మీద మందు సక్కగ పొయ్యనీకి నాకే మూడేండ్లు పట్టింది.” నాకైతే మూడు రోజులు చాలనుకున్నాను. “సరే, తీస్కపో. గ్లౌజులన్న తీస్కో” అన్నాడు. అవి తొడుక్కుంటూ కూర్చుంటే తడి ఆరిపోదూ? బల్ల మీదే వదిలేశాను.

ఆదివారం అక్క పట్టుచీర కట్టుకుని వాకిట్లో కూర్చుంది. స్నానాలగది చీకటిగదైంది. ఆ పెద్ద అద్దం మీద పోసిన మందు నేను అటు వంచితే ఇటు, ఇటు వంచితే అటు పారి మోచేతిదాకా కారింది. తొట్టిలో అద్దం పట్టకపోతే సగం ముంచి, తిప్పి మిగతా సగం ముంచాను. ఆ చేతులతోనే చెమట తుడుచుకున్నాను. ఎండలోకి పరిగెత్తి “కదలకే!” అని అరిచి, పది అంకెలు లెక్కపెట్టాల్సింది నాలుగు అంకెలకే కెమెరా మూత పెట్టేశాను. కడిగితే చీర అంచు, ఒక చెవి కనబడ్డాయి.

“చెవ్వొక్కటే వచ్చిందేందిరా? మొఖం ఏడవాయె?” అంది అక్క. అలా ఆరుసార్లు తీశాను. సాయంత్రానికి వెండి ద్రావణం తగిలిన చోటల్లా నా మొహం, చేతులు నల్లమచ్చలయ్యాయి. సబ్బు, నిమ్మకాయ, చివరికి ఇటుకరాయి, దేనికీ అవి పోలేదు. అక్కకి ఏడుపు ఒక్కటే తక్కువ. “అయ్యో, రేపు ఇంటర్వ్యూ గదరా!”

అది ఒక పెద్ద లాబ్‌లో పర్మనెంటు ఉద్యోగం. మరునాడు అక్కడ ముగ్గురు అధికారుల్లో పెద్దాయన నా చేతుల్ని చాలాసేపు చూశాడు.

“సిల్వర్ నైట్రేటా?”

“అవును సార్.”

“గ్లౌజులు లేవా?”

“ఉన్నయ్ సార్. లేటైతదని…”

ఆయన ఫైలు మెల్లగా మూశాడు. “మా దగ్గర లేటైనా పర్లేదు బాబూ.”

ఉద్యోగం రాలేదు. బీరువా కెమెరాను ఆటోలో వేసుకుని తిరిగి ఉప్పల్ వెళ్తే, గాజు తాత నా మొహం చూసి దగ్గొచ్చేదాకా నవ్వాడు. తర్వాత చిన్న కెమెరా, గ్లౌజులు నా ముందుకు జరిపాడు. నాలుగు ఆదివారాలు అరచేతంత అద్దాలు పాడుచేశాను. అయిదో ఆదివారం నీళ్లలోంచి మెల్లమెల్లగా అక్క తేలింది, రెండు కళ్లతో, నవ్వు ఆపుకుంటున్న పెదాలతో. ఆ బొమ్మ పూర్తిగా తేలేదాకా నేను కదల్లేదని అక్కే చెప్పింది.

ఇప్పుడీ వయసులో డాక్టరు చెప్పాడని నిదానంగా నడుస్తున్నాను. అయినా అప్పటి నేను, ఆ మచ్చల మొహం కుర్రాడు ఎదురైతే, బుద్ధి చెప్పడం మానేసి వాడి వెనకాలే నాలుగడుగులు పరిగెత్తాలని ఉంటుంది.