రీలు లేని ఫోటో కోసం టాటానగర్ దాకా

టాటానగర్ స్టేషనుకి నా కోసం పదిమంది వచ్చారనీ, బంతిపూల దండ వేశారనీ పలాసలో మా వీధంతా చెప్పాను. మీకూ అదే రాద్దామనుకున్నాను. నిజానికి వచ్చింది ఒక్క ఆడపిల్ల. దండ లేదు. నేను వెళ్ళిన పనికి దండ వేసేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఎనభై ఒకటో సంవత్సరమో, రెండో. ఫోటో స్టూడియో నడిపే నాకు జంషెడ్‌పూర్ నుంచి ఒకే మనిషి దగ్గర నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. రాయించినావిడ నీలమ్మ. పన్నెండేళ్ళ కిందట మందస దగ్గర ఒక పెళ్ళిలో ఆమె భర్త అప్పలస్వామికి నేను ఫోటో తీశానట. లైటు రెండుసార్లు వెలిగిందట. మరుసటి ఏడు అతను కామెర్లతో పోయాడు. అక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ కాబట్టి గేటు పాసు మీద వేలిముద్రే తప్ప బొమ్మ లేదు. ఇప్పుడు కూతురు సరోజ పెళ్ళి. పందిట్లో తండ్రి ఫోటో పెట్టాలి, ఆ ఫోటో పంపమని అడుగుతోంది.

లైటు వెలిగిన మాట నిజమే. కెమెరాలో రీలు లేదు. పెళ్ళిళ్ళలో నన్ను తియ్యి, నన్ను తియ్యి అని మీద పడేవాళ్ళందరికీ మా వృత్తిలో ఇచ్చే మందు అదే. రీలు అయిపోయాక కూడా ఉత్త ఫ్లాషు వెలిగిస్తాం. వాళ్ళు సంతోషంగా వెళ్ళి భోజనానికి కూర్చుంటారు.

మొదటి రెండు ఉత్తరాలకీ వెతుకుతున్నానని జవాబిచ్చాను. మూడోదానికి నిజం రాద్దామంటే కార్డు పోస్ట్‌మాన్ చదువుతాడు. కార్డులన్నీ వాళ్ళు చదువుతారు. కవరులో పెట్టొచ్చు కదా అంటారేమో. పెట్టొచ్చు. ధైర్యం లేకపోయింది. నేనే స్వయంగా వస్తున్నానని, ఫలానా రోజు ఫలానా బండికని మాత్రం రాశాను.

సాయంత్రం ఐదున్నరకు పలాసలో హౌరా వైపు పోయే బండి ఎక్కాను. జంషెడ్‌పూర్ స్టేషను పేరే టాటానగర్. అక్కడిదాకా ఒకే టికెట్ ఇస్తారు, అడిగి తీసుకోండి. తెల్లవారుతుండగా ఖరగ్‌పూర్‌లో దిగి బండి మారాలి. అక్కడి ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే ఆకలి అదే పుడుతుంది. పూరీ, బంగాళాదుంప కూర బాగుంటాయి. టీ మట్టి ముంతలో ఇస్తారు, సగం మట్టివాసనే.

ఆరూ నలభై పాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా ఇద్దరు మనవాళ్ళే. జంషెడ్‌పూర్‌లోనే జుగ్సలాయిలో ఒక హోటల్లో వంటవాడు పోలినాయుడు, బిర్సానగర్లో దర్జీ సింహాచలం. ఝాడ్‌గ్రామ్ దాటేసరికి మాటలు కలిశాయి. నేను పూరీలు మెచ్చుకుంటే పోలినాయుడు నవ్వాడు.

"హోటల్లో పూరీ తినొచ్చు బాబూ. పెరుగు వడ మాత్తరం తినకు. పొద్దున్న మిగిలిన వడ సాయంత్రం పెరుగులో ములిగితే పేరు మారతాది, రేటు పెరుగుతాది."

"మరి సాంబారో?" అన్నాడు సింహాచలం.

"పలచనయితే బాగా మరిగించి పోత్తాం. నాలిక కాలినోడు రుసి అడగడు."

సింహాచలం ఊరుకోలేదు. "మా కాడ ఇంకోలాగ. పండక్కి ముందు గుడ్డ రాగానే ఒక కత్తెర గాటు ఎట్టేత్తాం. ఇంక కస్టమరు ఎనక్కి పట్టుకెల్లలేడు. రేపు రా అన్నామంటే ఆ గాటు తప్ప మరేటీ అవలేదని అరదం."

నా వంతు వచ్చింది. ఒక గవర్నరు గారి ఫోటోలో కళ్ళు మూసుకుపోతే, రాత్రికి రాత్రి కుంచెతో కళ్ళు తెరిపించానని చెప్పాను. ఇద్దరూ నోరు తెరిచారు. గవర్నరు కాదు, మా ఊరి సహకార సంఘం ప్రెసిడెంటు. తెరిపించింది కూడా ఒక్క కన్నే.

ఆ ఊపులో ఉత్త ఫ్లాషు సంగతీ చెప్పాను. నేనని చెప్పలేదు. "మా ఊళ్ళో ఒక ఫోటోగ్రాఫరు ఉండేవాడు" అని మొదలుపెట్టాను. నవ్వుతారనుకున్నాను. పోలినాయుడు నవ్వాడు.

సింహాచలం మాత్రం బీడీ ఆర్పేసి అన్నాడు: "వడ తిన్నోడికి సాయంత్రానికి అరిగిపోతాది. ఆ ఫోటో దిగినోడు ఇంకా ఎదురుసూత్తంటాడు బాబూ."

ఘాట్‌శిల కొండలు చూస్తున్నట్టు కిటికీలోకి తల తిప్పుకున్నాను.

పదింటికి టాటానగర్. నా కెమెరా సంచి చూసి ఒక పిల్ల పరుగున వచ్చింది. "ఫోటోవాలే దాదాజీ?" సరోజ. మినీ బస్సులో సాక్చీ దాకా, అక్కడి నుంచి రిక్షాలో భుయ్యాడీహ్. దారి పొడుగునా నేను తెలుగులో అడగడం, ఆ పిల్ల హిందీలో చెప్పడం. తండ్రి ముఖం గుర్తుందా అని అడిగాను. లేదని తల ఊపింది. అప్పటికి ఏడేళ్ళట.

నది వైపు సందులో రెండు గదుల ఇల్లు. నీలమ్మ మంచినీళ్ళిచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుని నా ముందు నేల మీద కూర్చుంది. "ఇంత దూరం వచ్చినావు బాబూ. తెచ్చినావేటి?"

తెచ్చాను. ఇక్కడ మా వృత్తిలో ఇంకో రహస్యం చెప్పాలి. పోయినవాళ్ళకి ఫోటో లేకపోతే, అన్నదో తమ్ముడిదో ముఖం తీసి, మీసం దిద్ది, వయసు సవరించి ఇస్తాం. నెల తిరిగేసరికి ఇంట్లోవాళ్ళు అదే ఆయన ముఖమని అలవాటు పడతారు. మందసలో ఉన్న అప్పలస్వామి తమ్ముడిని, ఎందుకో చెప్పకుండా కూర్చోబెట్టి ఫోటో తీశాను. మూడు రోజులు కుంచె పట్టాను. సంచిలో ఉన్నది అదే.

సరోజ రెండు చేతులతో అందుకుంది. "యహీ హై నా, మా?" ఈయనేనా అని.

నీలమ్మ బొమ్మ చూసింది. తరవాత నన్ను చూసింది. "అవునే. మీ నాన్నే" అంది.

ఆ చూపుతో నాకు తెలిసిపోయింది, ఆమెకు తెలిసిందని. పిల్ల కోసం ఒప్పుకుంటోంది. నేను నోరు మూసుకుని భోంచేసి బండెక్కితే సరిపోయేది. సింహాచలం మాట అడ్డం పడింది.

"కాదమ్మా సరోజా. ఇది మీ బాబాయి. ఆ రోజు నా కెమెరాలో రీలు లేదు. రెండుసార్లూ ఉత్త లైటే వెలిగించాను."

సరోజ ముఖం గట్టిపడింది. "తో ఫిర్ కుఛ్ భీ నహీ హై?" ఇంకేమీ లేదా అని. బొమ్మ నా పక్కన పడేసి గుమ్మంలోకి పోయి నిలబడింది.

"మా మరిదిని నాను గుర్తుపట్టనేటి?" అంది నీలమ్మ మెల్లిగా. "అంత ఆశపెట్టి... రీలు నేకపోతే నేదని సెప్పొచ్చు గదా బాబూ. మాయన నీకు పొద్దుటేల నుంచి దుప్పటి పట్టినాడు."

దుప్పటా? అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళిజంట వెనక తెల్ల దుప్పటి పట్టుకోమని ఇద్దరిని నిలబెట్టాను. ఆ పని చేసినందుకే తనకూ ఒక ఫోటో అడిగాడు. ఇచ్చింది ఉత్త వెలుగు.

ఆ పెళ్ళి తాలూకు చిన్న చిన్న అచ్చులు సంచిలోనే ఉన్నాయి, అవసరమైతే వెతికానని చూపించడానికి. పెళ్ళివారికిచ్చే ఫోటోలో అంచులు కత్తిరించేస్తాం. వీటిలో కత్తిరించలేదు. జంట వెనక దుప్పటి. పై అంచున వేళ్ళు. కింద అంచున, ఇటొక జత అటొక జత, పాదాలు. భూతద్దం ఇచ్చాను.

నీలమ్మ చాలాసేపు చూసింది. "ఈ బొటనేలికి రాగి తీగ సూడు. నడుం నొప్పికని నానే కట్టినాను." గట్టిగా పిలిచింది. "ఒలే సరోజా! ఇలగ రా. తీసినాడే!"

సరోజ వచ్చి భూతద్దంలోకి వంగింది. పొద్దుటి నుంచి మొదటిసారి తెలుగులో మాట్లాడింది. "నాన్న కాళ్ళు ఇంత పెద్దవా?"

"పెద్దయే. సెప్పులు దొరికీవి కావు." నీలమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ముకం నేకపోతే నేకపోయింది. పెల్లిలో నువ్వు మొక్కేది కాళ్ళకే గదే."

అన్నం, చేపల పులుసు పెట్టారు. కారం ఎక్కువ, వంక పెట్టే స్థితిలో నేను లేను. బయలుదేరే ముందు తల్లీకూతుళ్ళను గుమ్మంలో నిలబెట్టాను.

"రీలు ఉందేటి?" అంది నీలమ్మ.

కెమెరా వెనక ఎర్ర అద్దంలోంచి కనపడే రీలు మీది అంకె చూపించాను. సరోజ వచ్చి స్వయంగా చూసింది. ఏడు. అప్పుడు నవ్వింది, అప్పుడే నొక్కాను.

మూడింటి బండికి తిరుగు ప్రయాణం. జంషెడ్‌పూర్ గురించి చెప్పమంటే రోడ్లు వెడల్పు, చెట్లు బాగున్నాయి, పొగ చాలా దూరం నుంచే కనిపిస్తుంది. నేను చూసింది ఇంతే. మరిదిగారి బొమ్మ ముక్కలు చేసి కిటికీలోంచి వదిలేశాను. ఇంటికి వెళ్ళగానే నెగటివు వెతికి ఆ పాదాలు అర గజం పొడుగున పెద్దవి చెయ్యాలి. గోళ్ళ సందుల్లో మట్టి ఉంది, మడమ పగిలి ఉంది. వాటిని ముట్టుకోను. నలభై ఏళ్ళ వృత్తిలో కుంచె తాకించకుండా ఇచ్చే మొదటి బొమ్మ అదే అవుతుంది.

నలభై కాదు, ముప్పై రెండు.