గొట్టం పక్కన కూర్చున్నావిడ

పోయిన చలికాలం నోవై ఊళ్ళో మా ఇంటి ముందు డ్రైవ్‌వే మీద గడ్డకట్టిన మంచులో జారి కుడి దండచెయ్యి ఎముక విరగ్గొట్టుకున్నాను. విరిగిన ముక్క పక్కనున్న నరాన్ని నలిపేసింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. మూడు నెలలైనా కోసినచోట పుండు మానలేదు, ఎముక అతకలేదు. చెయ్యి చాపితే మణికట్టు దగ్గర్నుంచి వాడిన తోటకూర కాడలా వేలాడేది.

డాక్టర్, ఒత్తిడి పెంచి ఆక్సిజన్ నింపే చాంబర్‌కి పంపించాడు. పుండుకీ ఎముకకీ మంచిదే, నరం సంగతి మాత్రం హామీ ఇవ్వలేనన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మంచినీళ్ళ గ్లాసు ఎత్తలేని చెయ్యికి లోపల ఎముక అతికితే ఎంత, అతక్కపోతే ఎంత?

మొదటిరోజు అమ్మ నా తలకి కొబ్బరినూనె దట్టంగా పట్టించి, జడ బిగించి, వెంట వచ్చింది. నన్ను చూసుకోవడానికే ఇండియా నుంచి వచ్చి ఉంది. క్లినిక్‌లో టెక్నీషియన్, అరవై దాటిన ఆవిడ, నా తల వాసన చూసి లోపలికి పంపనంది. అంత ఆక్సిజన్‌లో నూనె ఉంటే అంటుకునే ప్రమాదం ఉందట. హెయిర్ ప్రాడక్ట్స్ వాడొద్దని వాళ్ళు ముందే ఇచ్చిన కాగితంలో ఉన్న మాట నిజమే. కొబ్బరినూనెని ప్రాడక్ట్ అని మా ఇంట్లో ఎవరూ అనుకోరు.

ఈ ఒక్కరోజుకి వదిలెయ్యమని గొడవపడ్డాను. ఆవిడ వాదించలేదు. వెనకగదిలో సింకు దగ్గర కూర్చోబెట్టి, అమ్మ చిక్కు విప్పుతుంటే, మూడుసార్లు షాంపూతో రుద్ది కడిగింది. అది ఆవిడ ఉద్యోగం కాదు. నాకు సిగ్గేసింది.

చాంబరంటే మనిషి పట్టేంత పారదర్శకమైన గొట్టం; రోజూ రెండు గంటలు అందులో పడుకునేదాన్ని. ఆవిడ పక్కనే స్టూలు మీద కూర్చునేది. చేతిలో ఫోను ఉండేది కాదు, పుస్తకం ఉండేది కాదు. ప్రెషర్ పెరిగి నా చెవులు నొప్పెడితే, నేను చెప్పేలోపే నా మొహం చూసి తగ్గించేది. విసుగు రాదా అని ఒకసారి అడిగాను.

"లోపల నువ్వున్నావు. ఇంకేం చూడమంటావు?" అంది.

ఆరోవారం ఎక్స్‌రేలో ఎముక అతుకుతున్నట్టు కనబడింది. ఇంట్లో అమ్మ సేమ్యా పాయసం చేసింది. నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. మణికట్టు అలాగే వేలాడుతోంది.

తర్వాత రెండు రోజులకి, గొట్టంలో కళ్ళు మూసుకుని ఉండగా స్పీకర్‌లో ఆవిడ గొంతు వినిపించింది. మణికట్టు కదిలిందంది. నేనేం చెయ్యలేదన్నాను. ప్రయత్నించాను, కదల్లేదు. మళ్ళీ ప్రయత్నించాను. నన్ను ఊరడించడానికి అబద్ధాలాడొద్దని కసిరాను.

"నేను చూశాను," అంది, అంతే.

డాక్టర్ ఆ మాట అనుంటే నమ్మేదాన్ని కాదు. ఆవిడ అంది కాబట్టి నమ్మాను. బయటికొచ్చాక, వెయిటింగ్ రూంలో ఉన్న అమ్మ పక్కన కూర్చుని, ఒళ్ళో దిండు పెట్టుకుని, దానిమీద చెయ్యి పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. ఆవిడ డ్యూటీ అయిపోయింది. కోటు వేసుకుని కూడా వెళ్ళకుండా మాకెదురుగా కుర్చీ లాక్కుంది. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. ముగ్గురం నా చేతినే చూస్తూ కూర్చున్నాం.

చాలాసేపటికి మణికట్టు బియ్యపుగింజంత ఎత్తు లేచి పడింది. ఆక్సిజన్ వల్లో, రోజులు గడిచినందుకో డాక్టర్ ఇప్పటికీ తేల్చలేదు. అమ్మ లేచి వెళ్ళి ఆవిడ రెండు చేతులూ కళ్ళకద్దుకుంది.