మైకులో బీరయ్య పేరు

మా పురానాపూల్ పాలవ్యాపారి బీరయ్యను తలచుకుంటే నాకు జాలి కన్నా ముందు కోపమే వస్తుంది. దీపావళి అయ్యాక దున్నపోతులను ముస్తాబు చేసి ఊరేగించే సదర్‌లో, ముప్పై ఏళ్లు ఆయన ఎవరెవరి దున్నల వెనకో నడిచాడు. ఒక్కసారి తన సొంత దున్న వేదిక ముందు ముంగాళ్లు లేపి నిలబడాలి, మైకులో తన పేరు పిలవాలి. ఆ మనిషి కోరిక అంతే.

ఏడేళ్ల కింద పుట్టిన దూడను అందుకోసమే పెంచాడు. బాద్‌షా అని పేరు పెట్టాడు. ఇంకొకరి చేతికి అలవాటైతే తన మాట వినదని భయం. దాణా తనే పెట్టేవాడు, ఒంటికి నూనె తనే రాసేవాడు. భార్య ఆండాలునే కాదు, కొడుకు నందును కూడా దగ్గరికి రానివ్వలేదు. పిల్లవాడికి కాస్త పగ్గం అలవాటు చెయ్యమని నేను చెప్పి చెప్పి విసిగిపోయాను.

"గది నా గొంతు దప్ప ఎవ్వరిది ఇనదన్నా" అని మీసం దువ్వుకునేవాడు.

పోయినేడు సదర్ మూడు వారాలుందనగా కొట్టంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. నందు కుడితి పెడితే బాద్‌షా మూతి పెట్టలేదు. చివరికి బీరయ్య మంచం కొట్టంలోనే వేయాల్సి వచ్చింది. ఆయన పిలిస్తే వచ్చి, మంచం పక్కన పడుకుని, ఆయన చేతి దాణా తినేది.

ఈ ఏడాదికి వద్దని ఆండాలు బతిమాలింది. వింటేనా? కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకెళ్లి వేదిక పక్కన దించాం. బంతిపూల దండలతో, నల్లగా నిగనిగలాడుతూ బాద్‌షా వచ్చింది. బీరయ్య గొంతెత్తి ముంగాళ్లు లేపమన్నాడు. అది ఆ గొంతు విని, పగ్గం పట్టుకున్న నందును ఈడ్చుకుంటూ తిన్నగా వచ్చి, ఆయన కుర్చీ పక్కన పడుకుంది.

ఎంత అదిలించినా లేవలేదు. జనం నవ్వారు. వెనక దున్నలన్నీ ఆగిపోయాయి. అప్పుడు మైకులో ఆయన పేరు పిలిచారు, మూడుసార్లు.

"పురానాపూల్ బీరయ్యన్నా, నీ దున్నను జర పక్కకు తియ్యి."

బీరయ్య తలెత్తలేదు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో మొహం ఎర్రబడ్డ నందు కర్ర ఎత్తాడు. బీరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొట్టకు బిడ్డా. నేను నేర్పిందే చేసింది."